కోడ్‌లో పోయిన కందులు

క్లాసులో మొత్తం 28 మందిమి. ఎకరాకి ఎంత కంది విత్తనం పడుతుందో తెలియనిది నేనొక్కదాన్నే.

పరిచయాలప్పుడు ఎవరో సరదాగా అడిగారు. "ఇరవై కిలోలు?" అన్నాను. గది మొత్తం గొల్లుమంది. పక్కన కూర్చున్న ఏఈఓ అమ్మాయి నా చెవిలో, "అక్కా, నాలుగైదు కిలోలకు మించదు. ఇరవై కిలోలు పోస్తే అది చేను కాదు, నారుమడి" అంది. వ్యవసాయ రంగంలో పనిచేసేవాళ్ళ కోసం పెట్టిన లీడర్‌షిప్ ప్రోగ్రాంలో నా ఎంట్రీ అలా జరిగింది.

అసలు నేను అక్కడికి వెళ్ళాల్సింది కాదు. నేను చదివింది కంప్యూటర్ సైన్స్. పెద్ద కంపెనీలో నాలుగేళ్ళు బ్యాంకుల సాఫ్ట్‌వేర్ రాసి, విసుగొచ్చి, ఒక చిన్న అగ్రిటెక్ స్టార్టప్‌లో చేరాను. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, అదే ఎఫ్‌పీఓలు, పంట కొనేటప్పుడు తూకం, రసీదు, చెల్లింపు అన్నీ ఫోన్‌లోనే అయిపోయేలా మేం యాప్ చేస్తాం. ఆరు నెలల ఈ ప్రోగ్రాంకి మా ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క అగ్రికల్చర్ బీఎస్సీ పేరిచ్చారు. అతను సరిగ్గా పది రోజుల ముందు రిజైన్ చేశాడు. కట్టిన ఫీజు వెనక్కి రాదు.

"నువ్వు వెళ్ళు, రైతుల మైండ్‌సెట్ అర్థమవుతుంది" అన్నారు మా బాస్.

అది నాకు ఎప్పుడో అర్థమైపోయిందనే అనుకునేదాన్ని. మా తాతకి మూడెకరాలు ఉండేది మరి. నాన్న ఆర్టీసీలో కండక్టర్. ఆ మూడెకరాల గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు, నా బీటెక్ ఫీజుల సంగతి వచ్చినప్పుడు తప్ప.

రాజేంద్రనగర్‌లో అయిదు రోజులు

2024 డిసెంబర్‌లో మొదటి విడత. హైదరాబాద్‌లోనే ఉంటూ రాజేంద్రనగర్ వైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకి చెప్తున్నా, ఐటీ కారిడార్‌కి కాస్త దూరంలోనే పూర్తిగా వేరే ఊరు ఉంది. మేనేజ్, నార్మ్, వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ, గ్రామీణాభివృద్ధి సంస్థ, అన్నీ ఆ చుట్టుపక్కలే. రోడ్డుకి అటూ ఇటూ ప్రయోగాల మళ్ళు, ఒక్కో మడికి ఒక్కో నంబరు బోర్డు. ఆ దగ్గర్లోనే ఒక శిక్షణ సంస్థలో మా క్లాసులు.

బ్యాచ్‌లో ఎక్కువమంది ఎఫ్‌పీఓల సీఈఓలు. సీఈఓ అనగానే సూటూ బూటూ ఊహించుకోకండి. పాతికేళ్ళ కుర్రాళ్ళు, బీఎస్సీ అగ్రికల్చర్, ఎమ్మెస్సీ చేసినవాళ్ళు. ఎరువుల బస్తాలు లారీలోంచి దింపించేదీ వాళ్ళే, జీఎస్టీ రిటర్న్ వేయించేదీ వాళ్ళే. వాళ్ళు కాక ఏఈఓలు, విత్తన కంపెనీల వాళ్ళు, ఇద్దరు బ్యాంకు అధికారులు.

నా పక్కనున్న ఏఈఓ అమ్మాయి ఫోన్ చూసి మాత్రం నాకు కళ్ళు తిరిగాయి. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక క్లస్టర్, ఒక్కో క్లస్టర్‌కి ఒక ఏఈఓ. ఆమె వాట్సాప్ నిండా ఆకుల ఫొటోలు. మచ్చలున్న ఆకు, ముడుచుకున్న ఆకు, చిల్లులు పడ్డ ఆకు. టీ బ్రేక్‌లో వాయిస్ మెసేజ్‌ల్లో జవాబు చెప్తుంది, ఎదుటివాళ్ళు మాట్లాడే యాసలోనే. మేం ఏడాదిన్నర కష్టపడి కట్టిన యాప్‌లో ఆ పని చేసే ఫీచర్ ఒకటుంది. దాన్ని వారానికి ముగ్గురు వాడతారు. అందులో ఒకరు మా టెస్టరే.

మొదటి రెండు రోజులూ ఆటలే. కళ్ళకి గంతలు కట్టుకుని నడవడం, న్యూస్‌పేపర్లతో టవర్ కట్టడం. మేం టవర్ బాగానే కట్టాం. దాన్నుంచి ఏం నాయకత్వం నేర్చుకున్నానో మాత్రం ఇప్పటికీ తెలీదు.

మూడో రోజు నుంచి సీన్ మారింది. వ్యవసాయ శాఖలో రిటైరైన ఒక సార్ వచ్చారు. పీపీటీ లేదు, చేతిలో చాక్‌పీస్. ఎఫ్‌పీఓ ఎవరిది అనే ప్రశ్నతో మొదలుపెట్టారు. 'సీఈఓది' అని ఎవరూ అనలేదు గానీ, చాలామంది మొహాల్లో ఆ జవాబే ఉంది.

సార్ చెప్పింది ఇదీ. రైతులే వాటాదారులుగా ఉండే కంపెనీ పెట్టుకోవడానికి 2002లో కంపెనీల చట్టాన్ని సవరించారు. అంతకుముందు వై.కె.అలఘ్ కమిటీ ఆ సిఫార్సు చేసింది. పదిమంది ఉత్పత్తిదారులుంటే చాలు, కంపెనీ పెట్టొచ్చు. మామూలు కంపెనీలో ఎన్ని షేర్లుంటే అన్ని ఓట్లు. ఇక్కడ అలా కాదు. ఒక్క షేరున్న ముసలమ్మకీ, వంద షేర్లున్న పెద్ద రైతుకీ ఒక్కొక్క ఓటే. 2020లో కేంద్రం 10,000 ఎఫ్‌పీఓల పథకం తెచ్చింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. ఒక్కో సభ్యుడి వాటాకి సమానంగా 2,000 రూపాయల దాకా, సంఘానికి మొత్తం 15 లక్షలకు మించకుండా ప్రభుత్వం ఈక్విటీ గ్రాంట్ ఇస్తుంది. సీఈఓ జీతం లాంటి నిర్వహణ ఖర్చులకు మూడేళ్ళు సాయం ఉంటుంది.

"మూడేళ్ళయ్యాక?" అని సార్ అడిగారు. సీఈఓలందరూ బల్లల వైపు చూశారు.

ఆ సాయంత్రం 'మంథన్' సినిమా వేశారు. శ్యామ్ బెనెగల్ తీసింది, 1976 నాటిది. గుజరాత్ పాల రైతులు అయిదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుని తీయించిన సినిమా. 2024లో కొత్త ప్రింట్ కాన్స్‌లో కూడా వేశారు. ఓటీటీ స్క్రోలింగ్‌లో గంట పోగొట్టుకునే రోజు ఒకసారి చూడండి.

సినిమా అయ్యాక సార్ నన్ను లేపారు. "నువ్వు ఇంజనీర్‌వి కదమ్మా. కురియన్ ఏం చదివాడో తెలుసా?"

తెలీదు. వెర్గీస్ కురియన్ మెకానికల్ ఇంజనీరట. అమెరికాలో మిషిగన్ స్టేట్‌లో మాస్టర్స్ చేసి, స్కాలర్‌షిప్ బాండ్ కోసం 1949లో ఆనంద్‌లోని ప్రభుత్వ క్రీమరీకి వచ్చాడు, ఇష్టం లేకుండానే. అప్పటికే 1946లో అక్కడి రైతులు సంఘం పెట్టుకున్నారు. దాని అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్, రైతులు ఎన్నుకున్న మనిషి. కురియన్ ఆ సంఘంలో జీతానికి పనిచేసే మేనేజర్.

"మనం అందరం కురియన్ పేరే చెప్తాం. ఆయన పనిచేసింది ఎవరి కిందో గుర్తుపెట్టుకోండి" అన్నారు సార్.

నిజం చెప్పాలంటే అప్పుడు నేను మిషిగన్ దగ్గరే ఆగిపోయాను. ఇంజనీర్ వెళ్ళి రైతుల్ని ఉద్ధరించాడు, బాగుంది కథ అనుకున్నాను. ఎవరి కింద అన్న ముక్క నా బుర్రలోకి వెళ్ళలేదు.

ఒక రైతు, ఒక బస్తా, ఒక రసీదు

మొదటి విడత ఆఖరి రోజు అందరికీ ఒకటే హోంవర్క్. ఒక రైతు పంటని కల్లం నుంచి చేతికి డబ్బు వచ్చేదాకా వెంట ఉండి చూడాలి. సలహాలివ్వొద్దు. ఫొటోలు తీయొద్దు. చూసింది చూసినట్టు రాయాలి. "మూడు పేజీలు చాలు. మూడు పేజీలు నింపలేకపోతే సరిగ్గా చూడలేదని లెక్క" అన్నారు సార్.

నేను తాండూరు వైపు వెళ్ళాను. అక్కడి ఒక ఎఫ్‌పీఓలో మా యాప్ వాడుతున్నారు. మా ఆఫీసులో అది మా 'సక్సెస్ స్టోరీ'. దాని సీఈఓ కూడా మా బ్యాచే. నన్ను 'అక్కా' అని పిలిచే కుర్రాడు.

తాండూరు కంది గురించి మీకు తెలిసే ఉంటుంది. 2022లో జీఐ ట్యాగ్ వచ్చింది. నల్లరేగడిలో జూన్, జూలైలో విత్తితే డిసెంబర్, జనవరికి గానీ కోతకు రాదు. ఆరు నెలల పంట. పూత మీద మబ్బు పడితే భయం, కాయ మీద పురుగు పడితే భయం, ఎండు తెగులొస్తే నిలబడ్డ మొక్క నిలబడినట్టే పోతుంది. అంతా దాటుకుని బస్తాలోకి వచ్చాక ధర భయం. 2024 మొదట్లో క్వింటా పది వేలు దాటిన కంది, ఏడాది తిరిగేసరికి మద్దతు ధర 7,550 కంటే కిందికి దిగింది. డబ్బు పడేదాకా ఆగగలిగినవాళ్ళు ప్రభుత్వ కొనుగోలుకి పోతారు. ఆగలేనివాళ్ళు అడ్తికో, ఎఫ్‌పీఓకో. మా ఎఫ్‌పీఓ కిలో 72 రూపాయలకి కొంటోంది.

జనవరి మూడో వారం. నేను వెంట ఉన్న రైతుకి అరవై దాటి ఉంటాయి. నేను 'కాకా' అన్నాను, ఆయన 'బిడ్డా' అన్నాడు. 14 బస్తాల కందులు ట్రాక్టర్‌లో వచ్చాయి. తేమ మీటర్‌లో 11 శాతం చూపించింది, హద్దు 12. గండం గడిచింది. హమాలీలు ఒక్కో బస్తా కాటా మీద పెడుతున్నారు. గోనె సంచి బరువు కాటాలోనే ముందే తీసేశారు. బ్లూటూత్‌తో కాటా నుంచి ఫోన్‌కి అంకె వెళ్ళిపోతోంది. చివర్లో ప్రింటర్ నుంచి చిన్న రసీదు. చేత్తో రాసే పనే లేదు. నేను లోపల్లోపల మురిసిపోతున్నాను.

కాక మాత్రం చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్, అరిగిపోయిన పెన్సిల్ ముక్క తీసి ఏదో రాసుకుంటున్నాడు.

"ఏం రాస్తున్నరు కాకా?"

"తూకం బిడ్డా. కాటా మీద ఎంతొస్తే గంత రాస్కుంటున్న."

"రసీదులో వస్తుంది కదా?"

"అది వేరే, ఇది వేరే."

ఆ మాట అర్థం కాక నోట్‌బుక్ అడిగాను. మొదటి నాలుగు బస్తాలు: 50.700, 49.900, 51.200, 48.650. రసీదు తీసి పక్కన పెట్టాను. 50, 49, 51, 48.

నాలుగు బస్తాల్లోనే రెండు కిలోల 450 గ్రాములు లేవు. పద్నాలుగు బస్తాలకి లెక్కేస్తే ఏడు కిలోల 300 గ్రాములు. కిలో 72 లెక్కన 525 రూపాయల 60 పైసలు.

"కాకా, ఇది తప్పు కదా. మీరు అడగలేదా?"

కాక నన్ను సముదాయిస్తున్నట్టు చెప్పాడు. "యాడన్న గంతే గద బిడ్డా. అడ్తి కాడ బస్తాకు కిలో కొడుతుండిరి. మీ కాడ అర కిలోనే పోతది. మీరే నయం."

మా సక్సెస్ స్టోరీకి అంతకంటే నిజాయితీగల రివ్యూ రాదు.

రెండు స్లాష్‌లు

ఆ రాత్రి లాడ్జిలో ల్యాప్‌టాప్ తెరిచాను. వెతకడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు, ఎందుకంటే ఆ ఫైల్ రాసింది నేనే. కాటా బరువుని గ్రాముల్లో పంపుతుంది. దాన్ని వెయ్యితో భాగించి కిలోలు చేయాలి. కోడింగ్ తెలిసినవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. తెలియనివాళ్ళకి చెప్తాను: పైథాన్‌లో ఒక స్లాష్ పెడితే మామూలు భాగహారం. రెండు స్లాష్‌లు పెడితే దశాంశాలు తీసి పారేస్తుంది. 49.9ని 50 చేయదు, 49 చేస్తుంది. ఎప్పుడూ కిందికే, ఎప్పుడూ రైతు వైపు నుంచే.

నేను రెండు స్లాష్‌లు పెట్టాను.

టెస్ట్ చేయలేదా అంటారేమో. చేశాను. ఆఫీసులో 20 కిలోల బాట్లు రెండు, 10 కిలోల బాటు ఒకటి పెట్టి చేశాను. 50 అని వచ్చింది. చప్పట్లు కొట్టాం. బాటు ఎప్పుడూ సరిగ్గా 50 కిలోలే తూగుతుంది. కందులు తూగవు.

ఇంకో దరిద్రం కూడా నా పనే. ఊళ్ళలో నెట్ సరిగా ఉండదని, గ్రాముల రీడింగ్ దాచకుండా లెక్కయ్యాక వచ్చిన అంకె మాత్రమే సర్వర్‌కి వెళ్ళేలా డిజైన్ చేశాను. డేటా ఆదా అని అప్పుడు మెచ్చుకున్నారు. అంటే ఎవరి కందులు ఎన్ని పోయాయో ఇప్పుడు తేల్చడానికి దారే లేదు, నోట్‌బుక్ పెట్టుకున్న కాక ఒక్కడికి తప్ప. ఆ సీజన్‌లో అప్పటికి కొన్నవి 1,340 బస్తాలు, 163 మంది రైతులవి. బస్తాకి సగటున అర కిలో వేసుకున్నా 670 కిలోలు. 48,240 రూపాయలు.

మరి ఎఫ్‌పీఓ లెక్కల్లో ఎందుకు బయటపడలేదు? కందులు గోదాములో ఆరి కొంత బరువు తగ్గుతాయి, దానికి ఏటా కొంత తరుగు రాసుకుంటారు. ఈసారి మిల్లు దగ్గర తూకం పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువే వచ్చింది. 'ఈసారి తరుగు లేదక్కా, పంట బాగా ఎండింది' అని సీఈఓ కుర్రాడు సంబరపడ్డాడు కూడా. అతని మూడేళ్ళ గడువు ఆ సంవత్సరంతో అయిపోతుంది. లెక్కల్లో మిగులు కనిపించడం అతనికి ఎంత అవసరమో నాకు తెలుసు.

మా బాస్‌కి ఫోన్ చేశాను. చాలాసేపు మౌనం. ఆ తర్వాత, "ఫిక్స్ చేసి అప్‌డేట్ పుష్ చెయ్. పాతది ఎందుకు తవ్వడం? ఇంకో రెండు ఎఫ్‌పీఓలతో మాట్లాడుతున్నాం, తెలుసు కదా" అన్నారు. ఆయన్ని విలన్‌ని చేయను. ఆ రెండూ కుదరకపోతే మా ఆరుగురిలో ఇద్దరికి జీతాలుండవు. ఆ ఇద్దరిలో నేనూ ఉండొచ్చు.

స్లాష్ ఒకటి తీసేశాను. అప్‌డేట్ పుష్ చేశాను. సమస్య తీరిపోయింది, టెక్నికల్‌గా.

ఎవరు చెప్పాలి?

ఫిబ్రవరి చివర్లో రెండో విడత. ఒక్కొక్కరూ మూడు పేజీలు చదవాలి. నా పేజీల్లో నోట్‌బుక్ దాకా రాసి, స్లాష్‌ల సంగతి దాచేశాను. 'సాంకేతిక కారణాల వల్ల' అని ఒక వాక్యం. చదువుతుంటే నాకే ఎక్కడో విన్నట్టనిపించింది. బస్సు ఎందుకు లేటని అడిగితే మైకులో చెప్పే మాట అది.

"ఏం సాంకేతిక కారణం?" సార్ వదల్లేదు.

చెప్పేశాను. బోర్డు మీద రాసి చూపించాను. గది నిశ్శబ్దం. తాండూరు సీఈఓ కుర్రాడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అతనికి ఆ సంగతి తెలిసింది అప్పుడే. నేను అతనికి ముందే చెప్పలేదు. ఇందులో నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది అదే, స్లాష్‌లు కాదు.

టీ బ్రేక్‌లో పెద్ద గొడవే జరిగింది. బ్యాంకాయన 'పొరపాటుని పొరపాటుగా సరిదిద్దారు, చాలు' అన్నాడు. విత్తన కంపెనీ ఆయన 'రైతులకి చెప్తే యాప్‌నే కాదు, సంఘాన్నే నమ్మరు' అన్నాడు. ఏఈఓ అమ్మాయి ఒక్కటే అడిగింది. "ఆ డబ్బు ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" ఎఫ్‌పీఓ దగ్గర. "మరి ఎఫ్‌పీఓ ఎవరిది?"

మొదటి విడతలో సార్ వేసిన ప్రశ్నే.

నేను అప్పుడు హీరోయిన్ మోడ్‌లోకి వెళ్ళిపోయాను. రేపే వెళ్ళి రైతులందరి ముందూ ఒప్పుకుంటా అన్నాను. సార్ మెచ్చుకుంటారనుకున్నా. "ఎవరినడిగి?" అన్నారు. "నీ మనసు తేలికవడానికి వాళ్ళ సభ వాడుకుంటావా? వాళ్ళకో ఛైర్మన్ ఉన్నాడు, బోర్డు ఉంది. ముందు వాళ్ళకి చెప్పు. సభ పెట్టాలో వద్దో వాళ్ళు తేలుస్తారు."

కురియన్ ఎవరి కింద పనిచేశాడో అప్పుడు గుర్తొచ్చింది.

బోర్డు మీటింగ్ ఒక డైరెక్టర్ ఇంటి అరుగు మీద. నేనూ, సీఈఓ కుర్రాడూ పక్కపక్కనే కూర్చున్నాం. దారి పొడవునా అతను నాతో మాట్లాడలేదు. నేను చెప్పడం అయ్యాక ఒక డైరెక్టర్, "గిది మన ఐదుగురి నడ్మనే ఉంటే ఏమైతది?" అన్నాడు. ఇంకొకాయన తలూపాడు. ఛైర్మన్ ఏమీ అనలేదు. ఉన్న ఒక్క మహిళా డైరెక్టర్ అప్పటిదాకా శనగకాయలు ఒలుస్తూ కూర్చుంది. "నావి ఇరవై రెండు బస్తాలు. గండ్ల నుంచి గూడ పోయినయా?" అంది.

"పోయాయమ్మా."

"అయితే సభ పెట్టుండ్రి."

రైతువేదికలో

మార్చి మొదటి వారం, రైతువేదిక హాలు. తొంభై మంది దాకా వచ్చారు. స్లైడ్లు తయారుచేసుకుని వెళ్ళాను గానీ తెరవలేదు. కాటా తెప్పించి ఒక బస్తా పెట్టించాను. పాత వెర్షన్ ఉన్న ఫోన్ ఒకటి ఉంచుకున్నాను. కాటా మీద 49.900. ఫోన్‌లో 49. ఆ ఫోన్‌ని వరసగా చేతులు మార్పించాను.

"ఇది మిషన్ తప్పు కాదు. సీఈఓ గారి తప్పు కాదు. ఆ లెక్క రాసింది నేను" అన్నాను. గొంతు వణికింది. సిద్ధం చేసుకున్న మిగతా వాక్యాలు ఒక్కటీ రాలేదు.

మొదట ఒక కుర్రాడు లేచి ఫోన్‌తో వీడియో తీయడం మొదలుపెట్టాడు. వెనక నుంచి ఎవరో, "చదువుకున్నోళ్ళు గూడ గదే పని" అన్నారు. ఇంకొకాయన నిలబడి, "గిందుకేనా మేం పొలాలమ్మి పిల్లలకు ఇంజనీరింగ్ చదివిచ్చేది?" అని అడిగాడు. ఆయన నన్నే అడిగాడో, తన పక్కవాణ్ణి అడిగాడో తెలీదు. మా మూడెకరాల సంగతి ఆయనకి తెలిసే అవకాశమే లేదు. నేను జవాబు చెప్పలేదు.

తర్వాత జరిగింది బేరం, అసలైన బేరం. ఎవరి బస్తాకి ఎంత పోయిందో తేల్చే డేటా లేదని చెప్పాను. "అయితే కిలో కట్టియ్యి" అన్నారు కొందరు. కాక లేచాడు. జేబులోంచి నోట్‌బుక్ తీసి పద్నాలుగు అంకెలూ చదివాడు, ఒక్కోదానికీ నా రసీదు అంకె చదివాడు. "బస్తాకు అర కిలోకు జర ఎక్కువ పడ్డది. అర కిలో కట్టియ్యుండ్రి, తెగిపోతది" అన్నాడు. సర్వర్, క్లౌడ్ బ్యాకప్, డాష్‌బోర్డ్ అన్నీ ఉన్న మాకు సాక్ష్యంగా మిగిలింది ఆ నోట్‌బుక్కే.

"మరి నిరుటివి?" అని ఒకావిడ అడిగింది. నిరుడు యాప్ లేదు, చేత్తో రాసిన తక్‌పట్టీలు. అప్పుడు ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు. ఆమెకి నా దగ్గర జవాబు లేదు. ఆమె కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

163 ఖాతాల్లో డబ్బు వేశాం. అన్నిటికంటే చిన్న మొత్తం 36 రూపాయలు, ఒకే ఒక్క బస్తా తెచ్చిన రైతుకి. ఆ 36 రూపాయలకి ఆయన మా ఆఫీసుకి ఫోన్ చేశాడు, ఇవి ఎందుకొచ్చాయి, మళ్ళీ వెనక్కి తీసుకుంటారా అని.

మేం మాట్లాడుతున్న రెండు ఎఫ్‌పీఓల్లో ఒకటి వీడియో చూసి వద్దంది. ఇంకోటి కూడా వీడియో చూసింది, చూసి సరే అంది. మా బాస్ రెండు వారాలు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. సీఈఓ కుర్రాడి మిగులు తగ్గింది. అతను మాత్రం మేలో నాతో మళ్ళీ మాట్లాడాడు. "అక్కా, ముందు నాకు చెప్పాల్సింది" అన్నాడు. అవునన్నాను.

ఆ నెలలోనే ఆఖరి విడత, ఫైనల్ ప్రెజెంటేషన్లు. ఒకరు డ్రోన్లు, ఒకరు ఎగుమతులు, ఒకరు కోటి టర్నోవర్ ప్లాన్ చూపించారు. నేను రెండు స్లాష్‌లు చూపించాను. నాకు నూటికి 61 వచ్చాయి. 'ఇంపాక్ట్ మెజర్‌మెంట్ లోపించింది' అని పక్కన రాశారు. సర్టిఫికెట్ మా అమ్మ ఫ్రేమ్ కట్టించింది.

ఇప్పుడు రసీదు మీద గ్రాములు కూడా పడతాయి. ఒక్కో బస్తా తూకం కాగానే రైతుకి కనిపించేలా పెద్ద స్క్రీన్ పెట్టాం. తేమకి ఎంత తగ్గించామో, ఎందుకు తగ్గించామో వేరే లైన్‌లో వస్తుంది. గ్రాముల రీడింగ్ సర్వర్‌లో ఉంటుంది. ఖర్చెక్కువైనా సరే.

ఈ జనవరిలో మళ్ళీ తాండూరు వెళ్ళాను. 2025-26 సీజన్‌కి మద్దతు ధర 8,000. కాక 11 బస్తాలు తెచ్చాడు, పూత మీద వాన పడిందట. మొదటి బస్తా కాటా ఎక్కింది. స్క్రీన్ మీద 50.350 అని పెద్ద పెద్ద అంకెల్లో పడింది. కాక నా వైపు చూసి నవ్వాడు.

"బాగుంది బిడ్డా" అని, జేబులోంచి పెన్సిల్ ముక్క తీశాడు.